వార్తలు చూస్తుంటే ప్రార్థన రావడం లేదు

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. హైదరాబాదులో హాస్టల్లో ఉండి బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటి దగ్గర అమ్మ తెల్లారకముందే లేపి కుటుంబ ప్రార్థనలో కూర్చోబెట్టేది. ఇక్కడ గదికి నలుగురం. జనవరిలో ఆదికాండంతో బైబిలు మొదలుపెట్టి మార్చికల్లా వదిలేశాను. ఇలా జరగడం ఇది రెండోసారి. మా సంఘం యౌవనస్థుల వాట్సాప్ గ్రూపులో రోజూ దాడుల వీడియోలు, యుద్ధాల వార్తలు వస్తున్నాయి. అంతం దగ్గర పడింది, ఇంకా ఈ చదువులెందుకు అంటున్నారు కొందరు. మణిపూర్ సంగతులు విన్నప్పటి నుంచి దేవుడు ఎందుకు ఊరుకున్నాడా అని ఒకటే ఆలోచన. మోకరిస్తే మాట రావడం లేదు. నా విశ్వాసం పోయినట్టేనా? పోయిన వినాయక చవితికి రూమ్మేట్లు ప్రసాదం తెస్తే ఏం చెయ్యాలో తెలియక బాత్రూములోకి వెళ్లి తలుపేసుకున్నాను. నాన్న నెలకు పంపే 4,000 రూపాయల్లో సంఘానికి దశమభాగం ఇవ్వలేకపోతున్నానన్న బాధ కూడా ఉంది.
— ఒక విద్యార్థిని

జవాబు: వందనాలమ్మా. ముందు నీ పెద్ద ప్రశ్నకే జవాబు చెబుతాం. నీ విశ్వాసం పోలేదు. విశ్వాసం పోయినవాళ్లకు దేవుడు ఎందుకు ఊరుకున్నాడన్న బాధ ఉండదు. ఉన్నాడని, న్యాయవంతుడని నమ్మినవాళ్లకే ఆ ప్రశ్న గుచ్చుకుంటుంది. బైబిల్లో హబక్కూకు ప్రవక్త గ్రంథం తెరిచి చూడు. మొత్తం మూడే అధ్యాయాలు. చుట్టూ బలాత్కారం జరుగుతోంది, నేను మొర పెడుతుంటే నువ్వు ఎందుకు వినవు అన్న ఫిర్యాదుతోనే మొదలవుతుంది. ఆ మాట అన్నవాణ్ణి దేవుడు గద్దించి పంపెయ్యలేదు, జవాబిచ్చాడు. 13వ కీర్తనలో మొదటి రెండు వచనాలు ‘ఎంతకాలం’ అని నాలుగుసార్లు అడుగుతాయి. 88వ కీర్తనైతే చీకటి అన్న మాట దగ్గరే ఆగిపోతుంది, చివర్లో స్తోత్రం కూడా లేదు. ఈ కీర్తనలు ఆరాధనలో పాడుకోవడానికి రాసినవే. కాబట్టి మోకరించినప్పుడు నీకు మాట రాకపోతే 13వ కీర్తన పైకి చదువు. ఆరే వచనాలు, నిమిషం పట్టదు. అదే ఆ రోజు ప్రార్థన. స్తుతితో మొదలుపెట్టకపోతే ప్రార్థన కాదని నీకెవరో చెప్పి ఉంటారు. ఈ కీర్తన రాసినవాడు అలా అనుకోలేదు.

ఇక బైబిలు చదవడం. ఆదికాండంతో మొదలుపెట్టి మార్చిలో ఆపేశానన్నావు. సరిగ్గా అక్కడే చాలామంది ఆగిపోతారు, కారణం బద్ధకం కాదు. ఆదికాండం, నిర్గమకాండం మొదటి సగం కథగా సాగుతాయి. నిర్గమకాండం 25 నుంచి ఎడారిలో ఆరాధన కోసం వేసిన ప్రత్యక్ష గుడారం కొలతలు, తెరలు, దిమ్మలు, కొక్కేలు. అది దాటితే లేవీయకాండం 27 అధ్యాయాల బలుల, శుద్ధి నియమాలు. కొత్త నిబంధనలో హెబ్రీయులకు రాసిన ఉత్తరం, అంటే హెబ్రీ పత్రిక, చదివాక వాటికి అర్థం తెలుస్తుంది. అంతకుముందు చదివితే నిద్రొస్తుంది. దానికితోడు లెక్క కూడా బరువే. బైబిల్లో మొత్తం 1,189 అధ్యాయాలు. ఏడాదిలో పూర్తి చెయ్యాలంటే రోజుకు మూడు పైన పడతాయి. మిడ్ పరీక్షలప్పుడు రెండు రోజులు తప్పిందంటే ఆరేడు అధ్యాయాల బాకీ. వారం తప్పితే పాతికకు దగ్గర. ఆ బాకీ తలుచుకుని బైబిలు ముట్టుకోవడానికే సిగ్గేస్తుంది.

ఇలా చెయ్యి. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలున్నాయి. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి చదివితే సరిగ్గా 52 వారాలు. శనివారం ఒక కీర్తన, ఆదివారం సంఘంలో వినేది చాలు. మార్కు సువార్తతో మొదలుపెట్టు. పదహారే అధ్యాయాలు కాబట్టి నాలుగో వారంలో ఒక పుస్తకం పూర్తి చేసిన తృప్తి దొరుకుతుంది. ఒక రోజు తప్పితే మర్నాడు రెండు చదవొద్దు, ఆగినచోట నుంచి ఒకటే చదువు. ఏడాది కాస్తా పద్నాలుగు నెలలైనా ఎవరూ అడగరు.

అచ్చు పుస్తకంలోనే చదువు. ఫోన్లో బైబిలు తెరిస్తే మూడో వచనానికి ఏదో నోటిఫికేషన్ వస్తుంది, అది ఆ గ్రూపుదే అయి ఉంటుంది. తప్పదంటే ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టు. గదిలో మిగతా ముగ్గురు నిద్రపోతున్నప్పుడు లైటు వెయ్యలేవు కాబట్టి తెల్లవారుజాము పట్టుదల వదిలెయ్యి. అది అమ్మ ఇంట్లో కుదిరింది. హాస్టల్లో టిఫిన్‌కి అందరూ కిందకు దిగే పావుగంట, లేదా సాయంత్రం ల్యాబ్ అయ్యాక ఖాళీ క్లాసురూము, ఏది రోజూ ఒకేలా దొరుకుతుందో అది తీసుకో. అధ్యాయం పెదాలు కదుపుతూ చదవడానికి ఆరేడు నిమిషాలు, నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాసుకోవడానికి రెండు, ప్రార్థనకు ఐదు. పదిహేను నిమిషాలకు మించి పెట్టుకోకు. గంట పెట్టుకున్నవాళ్లు వారంలో వదిలేస్తారు.

భాష దగ్గర ఒక జాగ్రత్త. మన పాత అనువాదం గ్రాంథికంలో ఉంటుంది, కొన్ని మాటలు ఇప్పటి వాడుకకు వేరే అర్థమిస్తాయి. ‘నిరీక్షణ’ అంటే ఎదురుచూపు అనుకుంటాం, అక్కడ దాని అర్థం ఆశ, భరోసా. ‘మారుమనస్సు’ అంటే మనసు మార్చుకుని దేవుని వైపు తిరగడం, ఏడ్చి ఊరుకోవడం కాదు. అర్థం కాని వచనం దగ్గర వాడుక భాషలో వచ్చిన అనువాదం పక్కన పెట్టుకుని చూడు. కంఠతా పట్టడానికి మాత్రం పాతదే బాగుంటుంది, దాని లయ చెవిలో నిలుస్తుంది.

ఇప్పుడు వార్తలు. నీ ఉత్తరంలో అసలు బరువు ఇదే. గ్రూపులో ఏదైనా రాగానే మనసు కలతపడుతోంది, కలతతో ప్రార్థన ఆగిపోతోంది, ప్రార్థన ఆగినందుకు మళ్లీ అపరాధభావం. ఈ గొలుసును మొదటి లంకె దగ్గరే తెంపాలి. ఒక వార్త కోసం ప్రార్థించే ముందు అది నిజమో కాదో చూడు. ఇందులో అవిశ్వాసం ఏమీ లేదు. ‘లేనివార్తను పుట్టింపకూడదు’ అని నిర్గమకాండం 23:1 చెబుతుంది. బెరయ పట్టణంలో ఉన్నవాళ్లు అపొస్తలుడైన పౌలు చెప్పిన మాటను కూడా లేఖనాలతో సరిచూసుకున్నారని అపొస్తలుల కార్యములు 17:11 మెచ్చుకుంటుంది. పౌలునే సరిచూసినవాళ్లు మెచ్చుకోదగినవాళ్లైతే వాట్సాప్ మెసేజ్ సరిచూడడం తప్పెలా అవుతుంది?

మెసేజ్ పైన రెండు బాణాల గుర్తుంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది వాట్సాప్. అది అబద్ధమని ఆ గుర్తు చెప్పదు, ఆగి చూడమని చెబుతుంది. మెసేజ్‌లో తేదీ ఉందా, ఊరు పేరు ఉందా, ఎవరు చెప్పారో ఉందా చూడు. ‘నిన్న రాత్రి’, ‘రేపు ఉదయం’ అని మాత్రమే ఉంటే అనుమానించు. ఆఫ్ఘనిస్తాన్‌లో క్రైస్తవ మిషనరీలకు రేపు మరణశిక్ష, వెంటనే ప్రార్థించండి, పదిమందికి పంపండి అనే మెసేజ్ ఇలాగే ఏళ్ల తరబడి తిరుగుతోంది. ఎప్పుడు చదివినా ‘రేపే’. మంచి మనసున్న ఎంతమందో కన్నీళ్లతో ప్రార్థించి ముందుకు పంపారు. అలాంటిది అబద్ధమని తేలాక నిజంగా హింస జరిగిన చోటి వార్త వచ్చినా నమ్మకం కలగదు. అసలు నష్టం అదే.

ఫొటో అయితే స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెట్టు. అదే ఫొటో మూడేళ్ల కిందట వేరే దేశం పేరుతో కనిపిస్తే సంగతి తేలిపోయింది. వీడియో అయితే మధ్యలో ఆపి బోర్డులు, బండి నంబర్లు, మాట్లాడే భాష ఉన్న చోట స్క్రీన్‌షాట్ తియ్యి. ఆ తర్వాత సంఘటన పేరుతో రెండు వేర్వేరు పత్రికల్లో వెతుకు. హైదరాబాదు నుంచే నడిచే ఫ్యాక్ట్‌లీ సైటులో తెలుగులోనూ నిజనిర్ధారణలు ఉంటాయి. ఇదంతా కలిపి ఐదు నిమిషాల పని. తేలకపోతే పంపకు. అబద్ధమని తేలితే పంపినవాళ్లకు విడిగా మెసేజ్ పెట్టు, గ్రూపులో పెట్టొద్దు. అందరి ముందు తప్పు పట్టించుకున్న పెద్దాయన రేపు ఇంకో పది పంపి తన మాట నిలబెట్టుకోవాలని చూస్తాడు. ‘అన్నా, ఇది పాత వీడియోనట, ఇక్కడ చూడండి’ అని లింకు పెడితే చాలు.

చూసే వేళలు కూడా కుదించు. ఆ గ్రూపును మ్యూట్ చెయ్యి, మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపు. రెండోది ముఖ్యం, ఎందుకంటే హింస వీడియో నువ్వు తెరవకపోయినా గ్యాలరీలోకి వచ్చి పడుతుంది. రోజుకు ఒకసారి, సాయంత్రం ఇరవై నిమిషాలు వార్తలు చదువు. చదువు అంటున్నాం, చూడు అనడం లేదు. చదివిన వార్త మీద ఆలోచించగలం, చూసిన రక్తం నిద్రలో తిరిగొస్తుంది. రాత్రి భోజనం తర్వాత వద్దు.

నిజమని తేలిన వార్తల్లోంచి వారానికి ఒక్కటి తీసుకో. నోటుపుస్తకంలో ఊరు పేరు రాయి, అక్కడ ఎవరు ఉన్నారో రాయి, వాళ్లకు ఏం కావాలో రాయి. ‘ప్రపంచ శాంతి కోసం’ అని ప్రార్థిస్తే మనసు ఎక్కడా ఆగదు. ‘సహాయ శిబిరాల్లో చదువు ఆగిపోయిన పిల్లల కోసం’ అంటే ఆగుతుంది.

మణిపూర్ విషయంలో కూడా వివరం తెలుసుకుని ప్రార్థించు. లోయలో ఉండే, ఎక్కువమంది హిందువులైన మెయితేయీలకు షెడ్యూల్డ్ తెగల హోదా ఇవ్వాలన్న డిమాండుకు వ్యతిరేకంగా 2023 మే 3న ర్యాలీ జరిగింది. ఆ రోజు మొదలైన హింస మెయితేయీలకు, కొండల్లో ఉండే కుకీ తెగలకు మధ్య రాజుకుంది. భూమి, రిజర్వేషన్, కొండకూ లోయకూ ఉన్న పాత తగాదాలు దాని వెనుక ఉన్నాయి. కుకీల్లో ఎక్కువమంది క్రైస్తవులు కావడంతో ఎన్నో చర్చిలు తగలబడ్డాయి. మెయితేయీల్లోనూ క్రైస్తవులున్నారు, వాళ్ల చర్చిలూ పోయాయి. గుడులూ దెబ్బతిన్నాయి. దీన్నంతా ‘హిందువులు మనల్ని చంపుతున్నారు’ అన్న ఒక్క ముక్కకు కుదించి పంపితే, ఆ ముక్క చదివి నువ్వు అనుమానంగా చూసేది పక్క మంచం మీద రికార్డు రాసుకుంటున్న నీ రూమ్మేట్‌ను. ఆ అమ్మాయికీ ఆ హింసకూ ఏ సంబంధమూ లేదు.

దేవుడు ఎందుకు ఊరుకున్నాడన్న ప్రశ్నకు యేసు ఒకసారి చాలా దగ్గరగా వచ్చాడు. లూకా 13 మొదట్లో ఉంది. గలిలయుల్ని బలి అర్పిస్తుండగానే రోమా అధిపతి పిలాతు చంపించాడన్న వార్త ఆయన దగ్గరికి తెచ్చారు. ఆయనే ఇంకో వార్త కలిపాడు, సిలోయములో గోపురం కూలి 18 మంది పోవడం. ఒకటి రాజ్యహింస, ఇంకోటి ప్రమాదం. చనిపోయినవాళ్లు మిగతావాళ్లకంటే పాపులా అని అడిగి, కాదని తేల్చి చెప్పాడు. కారణం మాత్రం చెప్పలేదు. విన్నవాళ్లను తమ బతుకు సరిచూసుకోమన్నాడు. కాబట్టి ఏదైనా విపత్తు జరిగినప్పుడు ‘అది వాళ్ల పాపానికి శిక్ష’ అని ఎవరైనా గ్రూపులో పెడితే, అది యేసు ఒప్పుకోని మాట అని నువ్వు ధైర్యంగా అనుకోవచ్చు.

అంతం సంగతి. మత్తయి 24:6లో యుద్ధాల గురించి, యుద్ధ సమాచారాల గురించి వింటారని ఉంది. గ్రూపులో అక్కడిదాకానే పెడతారు. వెంటనే వచ్చే మాట ‘మీరు కలవరపడకుండ చూచుకొనుడి’. దాని తర్వాత, అంతం వెంటనే రాదని ఉంది. 36వ వచనంలో ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని ఉంది. అయినా తేదీలు చెప్పినవాళ్లున్నారు. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడి అనుచరులు 1844 అక్టోబర్ 22న క్రీస్తు వస్తాడని ఎదురుచూశారు, కొందరు పొలాల్లో పంట కూడా కొయ్యలేదు. అక్కడి రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు. రెండు తేదీలూ మామూలుగానే గడిచాయి, నమ్మినవాళ్ల బతుకులు చెదిరాయి. అదే అధ్యాయం చివర్లో యేసు మెచ్చుకున్న దాసుడు ఎవరంటే, యజమాని వచ్చేసరికి ఇంటివాళ్లకు వేళకు అన్నం పెడుతున్నవాడు. ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నవాడు కాదు. థెస్సలొనీకలో పని మానేసి తిరిగేవాళ్లకు పౌలు, పని చేసి సొంత తిండి తినండని రాశాడు. నీకు అప్పగించిన పని ఈ బీటెక్ పూర్తయ్యేదాకా ఇంజనీరింగ్. క్రీస్తు రాకడ రేపే అయినా ఇవాళ రాయాల్సిన రికార్డు ఇవాళే రాయి.

యుద్ధం గురించి మాటలొచ్చినప్పుడు ఇంకొకటి గుర్తుంచుకో. బైబిల్లోని ఇశ్రాయేలుకూ, 1948 మే 14న ఏర్పడిన దేశానికీ సంబంధం ఏమిటన్నదాని మీద సంఘాల మధ్యే భేదాభిప్రాయాలున్నాయి. నువ్వు ఏ పక్షం నమ్మినా, 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో చనిపోయిన యూదు కుటుంబాలూ మనుషులే, ఆ తర్వాత గాజాలో చనిపోయినవాళ్లూ మనుషులే. గాజాలో క్రైస్తవులున్నారు. అక్కడి హోలీ ఫ్యామిలీ చర్చి మీద 2025 జూలై 17న దాడి జరిగి ముగ్గురు చనిపోయారు. బేత్లెహేములో 2023 క్రిస్మస్‌కు వీధుల్లో సంబరాలే మానుకున్నారు. క్రికెట్ మ్యాచ్ చూస్తున్నట్టు ఒక జట్టు వైపు కేకలు వేసే ప్రార్థన చెయ్యకు.

మీ ఒంగోలు చరిత్రలోనే నీకు పనికొచ్చే ఉదాహరణ ఉంది. 1876-78 కరువులో అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని ఇచ్చాడు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అవి మళ్లీ మొదలయ్యాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య మన సంఘాల్లో అందరికీ తెలుసు. పలుగు పారల లెక్క తక్కువమందికి తెలుసు. నీకు కాలువ తవ్వే శక్తి ఇప్పుడు లేదు. నీ స్థాయికి తగింది ఉంది. మీ కాలేజీలో ఈశాన్య రాష్ట్రాల విద్యార్థులుంటే సెలవుల్లో ఇంటికి వెళ్లలేనివాళ్లెవరో కనుక్కుని ఒక పూట భోజనానికి పిలువు. కాలేజీలో ఇ.యు. (ఇవాంజెలికల్ యూనియన్ అనే క్రైస్తవ విద్యార్థుల సంఘం) ప్రార్థన కూటమి ఉంటే అక్కడ ఈ మాట పెట్టు, ఒక్కదానివే చెయ్యక్కర్లేదు.

ప్రసాదం గురించి. సంఘాలన్నీ దీని మీద ఒకటే బోధించవు, నువ్వు పెరిగిన సంఘం వద్దంటే ఆ మనస్సాక్షిని గౌరవించు. పౌలు 1 కొరింథీ 8, 10 అధ్యాయాల్లో చెప్పింది రెండు ముక్కలు. ఎదుట పెట్టింది మనస్సాక్షి కోసం ఆరా తియ్యకుండా తినండి. ఇది బలి అర్పించిందని ఎవరైనా చెబితే, చెప్పినవాళ్ల కోసం తినకండి. అంటే చవితి రోజు మెస్‌లో అందరికీ వడ్డించే పులిహోర గురించి గింజుకోవక్కర్లేదు. రూమ్మేట్ పళ్లెంతో వచ్చి ప్రసాదం అని చెప్పి పెడితే, నవ్వుతూ ‘నాకు పెట్టాలని గుర్తుంచుకున్నందుకు థాంక్స్, మా నమ్మకం ప్రకారం నేను ప్రసాదం తీసుకోను, ఏమీ అనుకోవద్దు’ అని చెప్పు. వచనాలు చెప్పొద్దు, విగ్రహాల మాట ఎత్తొద్దు. బాత్రూములోకి వెళ్తే నువ్వు అసహ్యించుకున్నావని అనుకుంటారు, నీ మనసులో ఉన్నది అది కాదు కదా. ఆ సాయంత్రం అందరికీ నువ్వే టీ కొనిపెట్టు. పోయిన ఏడాది సంగతి ఇప్పుడైనా ఒకసారి చెప్పేస్తే మంచిది, ‘ఏం చెప్పాలో తెలియక లోపలికి వెళ్లిపోయాను’ అని.

దశమభాగం గురించి దిగులు మానెయ్యి. నాన్న పంపే 4,000 నీ సంపాదన కాదు. మెస్ బిల్లుకు, బస్ పాసుకు, జిరాక్సులకు ఇంత అని లెక్కగట్టి పంపింది. ఆయన తన ఆదాయంలో దశమభాగం ఇప్పటికే తీసి ఉంటే అది రెండోసారి తియ్యాల్సిన డబ్బు కాదు. తల్లిదండ్రులకు చెందాల్సింది దేవునికి అర్పితమని పక్కన పెట్టడాన్ని యేసు మార్కు 7లో తప్పుబట్టాడు. లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే ఇచ్చింది అంగీకారమవుతుందని 2 కొరింథీ 8:12లో ఉంది. మెస్ బిల్లు కట్టాక మిగిలినదాంట్లో నెలకు యాభయ్యో వందో కవరులో వేసి పెట్టు, సంతోషంగా వెయ్యగలిగినంతే. ఇప్పుడిస్తే దేవుడు ఎన్నో రెట్లు తిరిగిస్తాడని ఎవరైనా ఆన్‌లైన్‌లో వాగ్దానం చెప్పి ‘విత్తనపు కానుక’ పంపమంటే పంపకు. మూడో సంవత్సరం ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ వచ్చిన నెల నుంచి పదో వంతు లెక్క మొదలుపెట్టు. మొదటిది మీ ఊరి సంఘానికి పంపుతావా, ఇక్కడ వెళ్లే చర్చికి ఇస్తావా అన్నది నాన్నకు ఫోన్ చేసి ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోండి.